గంటం గీత నుంచి శుభలేఖ దాకా: తెలుగులో సన్నని చేతిరాత ఫాంటు

విశాఖపట్నంలో పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడగానే పూర్ణామార్కెట్, డాబాగార్డెన్స్ పరిసరాల్లోని శుభలేఖల దుకాణాల్లో బల్లల మీద వందల నమూనాలు పరుచుకుంటాయి. వాటిని నిదానంగా తిరగేస్తే ఒక సంగతి కంటపడుతుంది. పైన సింహాద్రి అప్పన్న బొమ్మ ఉంటుంది. దాని కింద ఇంగ్లీషులో వధూవరుల పేర్లు వెంట్రుకంత సన్నని గీతతో, ఒక అక్షరం ఇంకొకదాని చెయ్యి పట్టుకుని నడుస్తున్నట్టుగా సాగిపోతాయి. అదే కార్డు తెలుగు ప్రతిలో అవే పేర్లు పత్రికల శీర్షికలకు వాడే లావుపాటి అక్షరాల్లో కనిపిస్తాయి. ఇంగ్లీషు పేరు మెల్లగా పలికినట్టుంటే, తెలుగు పేరు మైకులో చదివినట్టుంటుంది.

ఈ తేడాకు తెలుగు లిపి స్వభావమే కారణమని, గుండ్రని అక్షరాలకూ గుణింతాలకూ ఒత్తులకూ నాజూకు సరిపడదని అనుకునేవారున్నారు. ఆ అభిప్రాయం తప్పు. ఇంగ్లీషు సన్నచేతిరాతకు పుట్టిల్లు ఒకటి, తెలుగు సన్నచేతిరాతకు పుట్టిల్లు వేరొకటి. మొదటిదాని కొలతలతో రెండోదానికి రవిక కుట్టబోవడం వల్లనే అది ఒంటికి అమరడం లేదు. రెండింటి పుట్టుకనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తెలుగులో ఇలాంటి ఫాంటు ఎలా ఉండాలన్నదే కాక, దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో కూడా చాలావరకు తేలిపోతుంది.

ఇంగ్లీషు శుభలేఖల మీది సోకైన లిపికి మూలం 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లాండులోని రాత గురువులు నేర్పిన గుండ్రచేతి రాత. దాని పనిముట్టు మొన తేలిన, ఒత్తితే విచ్చుకునే పాళీ. గీత కిందికి దిగేటప్పుడు చెయ్యి ఒత్తుతుంది కనుక పాళీ విచ్చుకుని గీత లావెక్కుతుంది. పైకి ఎక్కేటప్పుడు ఒత్తిడి తగ్గి గీత సన్నబడుతుంది. అక్షరాలన్నీ పంక్తికి సుమారు 55 డిగ్రీల కోణంలో కుడివైపుకు వాలి, పైకెక్కే ఆ సన్నగీతలతోనే ఒకదానికొకటి అతుక్కుంటాయి. సీసపు అచ్చు అక్షరాల కాలంలో ఈ రాతను ముద్రణకు తేవడం కష్టంగా ఉండేది. ప్రతి అక్షరమూ నలుపలకల దిమ్మ మీద ఉండాలి, దిమ్మ దాటి బయటికి వచ్చిన సన్నని తోక ఒత్తిడికి విరిగిపోయేది. సీసపు దిమ్మలు లేకుండా అక్షరాలను ఫొటో తీసి కూర్చే ఫొటో కంపోజింగ్ వచ్చాక, 1960లలో మాథ్యూ కార్టర్ పాతకాలపు రాత గురువు ఛార్లెస్ స్నెల్ రాతను ఆధారం చేసుకుని స్నెల్ రౌండ్‌హ్యాండ్ అనే ఫాంటును రూపొందించారు. జర్మన్ అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ చేతిరాత ఆధారంగా 1998లో వచ్చిన జాఫినోలో ఒకే అక్షరానికి అనేక రూపాలు చేర్చి, రాత యంత్రంలోంచి వచ్చినట్టు కాక చేతిలోంచి వచ్చినట్టు అనిపించేలా చేశారు. నేడు శుభలేఖల మీద కనిపించే వందలాది ఇంగ్లీషు చేతిరాత ఫాంట్లు ఈ దారిలో వచ్చినవే.

తెలుగు రాత నడిచిన దారి వేరు. శతాబ్దాల పాటు తెలుగుకు కాగితం తాటాకు, కలం ఇనుప గంటం. గంటం ఆకును గీరుతుంది, పాళీలా విచ్చుకోదు. చెయ్యి ఎంత ఒత్తినా గీత లోతు పెరుగుతుందే తప్ప వెడల్పు పెద్దగా మారదు. గీరిన తరువాత దీపపు మసి పూసి తుడిస్తే, ఆ గాట్లలో మాత్రమే మసి నిలిచి అక్షరం నల్లగా తేలుతుంది. ఆకు ఈనె వెంబడి నిడుపాటి అడ్డగీత గీస్తే చీలిపోతుంది కనుకనే తెలుగు అక్షరం గుండ్రబడిందని లిపి చరిత్రకారులు చెప్పే కారణం అందరికీ తెలిసిందే. దాని పక్కనే ఉన్న రెండో సంగతిని అంతగా పట్టించుకోరు. ఆ అక్షరం మొదటినుంచీ సన్ననిది, మొదలు నుంచి చివరి దాకా ఒకే మందం కలది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం వంటి చోట్ల భద్రపరచిన తాళపత్రాలను దగ్గరగా చూసినప్పుడు, నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు ఆకు మీద పంక్తి వెనుక పంక్తిగా సాగిన ఆ రాతలో, నేటి శుభలేఖల మీది ఇంగ్లీషు అక్షరాలకు తీసిపోని నాజూకు కనిపిస్తుంది. లావు, సన్నం మార్పు లేకుండానే ఆ సొగసు వచ్చింది. వంపు తిరిగే చోట చెయ్యి నిదానించడం, తోక చివర గంటాన్ని చప్పున పైకెత్తడం, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ సమంగా ఉంచడం దానికి కారణాలు.

కాబట్టి తెలుగులో సన్నచేతిరాత ఫాంటు గీయదలచినవారు ముందుగా విడిచిపెట్టవలసినవి రెండు: అతుకు, వాలు. ఇంగ్లీషు అక్షరాలు పంక్తి వెంబడి పక్కకు అతుక్కుంటాయి. తెలుగులో ప్రతి అక్షరమూ తన తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులతో పైకీ కిందికీ విస్తరించి, పక్క అక్షరాన్ని ముట్టుకోకుండా ఒక చిన్న లంకలా నిలుస్తుంది. బలవంతంగా అతికితే ఆ అతుకు గీతే ఒక కొమ్ములానో దీర్ఘంలానో కనిపించి మాటను పాడుచేస్తుంది. బాపు (1933–2014) చేతిరాత ఆధారంగా వచ్చిన ఫాంట్లు తెలుగునాట ఇన్నేళ్ళుగా శుభలేఖల మీదా పుస్తకాల అట్టల మీదా నిలిచాయి. వాటిలోనూ అక్షరాలు విడివిడిగానే ఉంటాయి. అయినా అది చేతిరాత కాదని ఎవరూ అనరు. ఆ గీత సన్ననిది కాదు, కుంచె బలం ఉన్నది. కానీ చేతి జాడ తెలియడానికి అతుకు అక్కర్లేదని చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. వాలు సంగతీ ఇంతే. కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కి తెలుగు అక్షరాన్ని పక్కకు వంచితే గుండ్రనిది కోడిగుడ్డులా సాగి, ఒక పక్క వంపు బిగుసుకుని, రెండో పక్క వదులవుతుంది. చేత్తో గీసిన కొద్దిపాటి వాలు వేరు, మీట నొక్కి తెచ్చిన వాలు వేరు.

అతుకు, వాలు లేకపోతే చేతి కదలిక ఎక్కడ కనిపించాలి? ముందుగా తలకట్టులో. అకారంతో ఉన్న హల్లుల్లో చాలావాటి మీద ఉండే ఆ చిన్న గీత తెలుగు వాక్యమంతటా లయలా తిరిగి తిరిగి వస్తుంది. దాన్ని కొంచెం పొడుగు చేసి, చివర పైకి లేపితే పంక్తి మొత్తం గాలి వీచిన వరిచేనులా ఒక దిక్కుకు కదులుతుంది. దాన్ని అన్ని అక్షరాలకూ ఒకే పొడవులో, ఒకే కోణంలో అచ్చు గుద్దినట్టు పెడితే ఆ కదలిక చచ్చిపోతుంది. తరువాత కొమ్ము దీర్ఘం, ఏత్వం, ఒత్తుల తోకలు. ఇవి పంక్తి కిందికో పైకో కొంత స్వేచ్ఛగా సాగగలవు. అన్నిటికంటే పెద్ద అవకాశం శుభలేఖలో అందరికంటే పైన కూర్చునే 'శ్రీ'లో ఉంది. ఎడమవైపు నుంచి అక్షరాన్ని చుట్టుకుంటూ వచ్చే క్రారవడి, పైన గుడి దీర్ఘపు మెలిక, ఈ రెండూ కలిసి ఒకే ఊపులో గీసినట్టు కనిపిస్తే ఆ ఒక్క అక్షరమే కార్డుకు ముఖం అవుతుంది. 'లక్ష్మి'లోని మకార ఒత్తు కూడా ఇలాంటిదే.

అయితే తెలుగులో సొగసుకు వాడుకోగల చిన్న గీతలే అర్థాన్నీ మోస్తాయి. ఈ లిపిలో సన్నచేతిరాత ఫాంటు గీయడంలోని అసలు కష్టం ఇదే. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. సన్నని గీతలో, చిన్న సైజులో ఆ మెలిక మూసుకుపోతే 'గీత' కాస్తా 'గిత' అవుతుంది. ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ ఇదే తంటా. ద, ధ తేడా అక్షరం అడుగున ఒక చిన్న నిలువు గీత. ధ, థ తేడా కడుపులో ఒక చుక్క. ప, వ ఒకదానిలా ఒకటి ఉంటాయి. వ తలకట్టు ఒంటికి కలిసి ఉంటుంది, ప తలకట్టు విడిగా నిలబడుతుంది, ఆ సన్నని ఖాళీయే రెండింటినీ వేరుచేస్తుంది. వేగంగా రాసిన చేతిని అనుకరించబోయి ఆ ఖాళీని పూడిస్తే 'పద్మ' పేరు 'వద్మ'గా అచ్చవుతుంది. ధనలక్ష్మి, ఫణి, భార్గవి వంటి పేర్లలో అడుగు గీత మిగతా గీతలకంటే సన్నగా ఉంటే అచ్చులో మొట్టమొదట మాయమయ్యేది అదే. అందువల్ల సన్నఫాంటులో కూడా ఈ గుర్తులను ఒక పాలు గట్టిగా, ఒక పాలు పెద్దగా ఉంచడం అవసరం. కంటికి సమంగా కనిపించాలంటే కొలతలో సమం కాకూడదు.

చేతిరాత ఫాంటుకు ఇంకొక పరీక్ష తెలుగు భాష తెచ్చిపెడుతుంది. గలగల, కిలకిల, జలజల, కళకళ అని మాటను రెట్టించి పలకడం ఈ భాషకు ఊపిరి. 'అమ్మమ్మ'లో మకారానికి కింద మకార ఒత్తు, ఆ వెంటనే మళ్ళీ అదే. మనిషి చెయ్యి ఏ రెండుసార్లూ ఒకే అక్షరాన్ని అచ్చంగా ఒకేలా రాయదు. ఫాంటు మాత్రం అచ్చంగా ఒకేలా రాస్తుంది, అక్కడ చేతిరాత భ్రమ తెగిపోతుంది. ఓపెన్‌టైప్ పద్ధతిలో ఒక అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి పెట్టి, అదే అక్షరం వెంటనే మళ్ళీ వస్తే రెండో రూపం దానంతటదే వచ్చేలా నియమం రాసిపెట్టవచ్చు. కానీ తెలుగులో ఇది చిన్న పని కాదు. 36 హల్లులకు 36 ఒత్తులు చేర్చితేనే 1296 జంటలు, వాటికి గుణింతాలు చేర్చితే లెక్క పదిహేను వేలు దాటుతుంది. వాడుకలో వచ్చేవి అందులో కొన్నే అయినా, ముక్కలుగా గీసి కలిపే ఫాంటులో ప్రతి కలయికా ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కూర్చోవాలి. ఇంగ్లీషులో ఒక మనిషి కొన్ని వారాల్లో ముగించగల పని తెలుగులో నెలలకు సాగడానికి ఇదొక కారణం, ఇలాంటి తెలుగు ఫాంట్లు తక్కువగా ఉండడానికీ ఇదే కారణం. సిలికానాంధ్ర అనే సంస్థ ద్వారా అందరికీ ఉచితంగా వచ్చిన ఫాంట్లలో గురజాడ, గిడుగు వంటి ఉత్తరాంధ్ర పేర్లున్నవీ ఉన్నాయి. వాటిలో లక్కిరెడ్డి అనేది చేతిరాత పోలికలున్న ఫాంటే కానీ దాని గీత పుష్టిగా ఉంటుంది. చతుర అనే ఫాంటులో చాలా సన్నని రూపం ఉంది కానీ అది చేతిరాత తీరు కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీ నిండవలసే ఉంది.

ఇక అచ్చు సంగతి. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు ముచ్చటగొలిపే ఫాంటు, ముద్రణశాల నుంచి వచ్చేసరికి ఎందుకు వెలవెలబోతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఫాంటు నిలువు కొలతను వెయ్యి భాగాలుగా తీసుకుంటే సన్నఫాంటులో గీత మందం సుమారు 20 భాగాలు ఉంటుందనుకోవచ్చు. దాన్ని 12 పాయింట్ల సైజులో ముద్రిస్తే గీత మందం 0.24 పాయింటు, అంటే దాదాపు 0.085 మిల్లీమీటరు. నిజంగానే తలవెంట్రుక మందం. తెల్ల కాగితం మీద ఒకే రంగు సిరాతో అచ్చువేస్తే అది నిలుస్తుంది. ముదురు ఎరుపు రంగు నేల మీద తెల్లగా వదిలేస్తే మాత్రం చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకుతుంది. చెరి వైపు నుంచీ 0.02 మిల్లీమీటరు పాకినా గీత సగానికి సగం పోయినట్టే. మల్టీకలర్‌లో మరొక చిక్కు ఉంది. బ్రౌన్, మెరూన్ వంటి రంగులు నాలుగు సిరాల చుక్కల కలయికతో వస్తాయి. అంగుళానికి 150 వరుసల చుక్కలు వేస్తే వరుసకూ వరుసకూ మధ్య దూరం 0.17 మిల్లీమీటరు. గీత మందమేమో అందులో సగం. అలాంటప్పుడు గీత గీతగా రాక తెగిన పూసలదండలా వస్తుంది. అందుకే సన్నని అక్షరాలకు కలిపిన రంగు కాక, విడిగా కలిపి తెచ్చిన ఒకే సిరా వాడమని అనుభవం ఉన్న ముద్రాపకులు చెబుతారు. ఆ సలహా చాదస్తం కాదు.

విశాఖ వంటి సముద్రతీర నగరంలో దీనికి గాలిలోని తేమ కూడా తోడవుతుంది. కాగితం తేమ పీల్చుకుని సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి పడే మధ్యకాలంలో కాగితం కొలత రవంత మారినా రంగులు కుదురుగా కూర్చోవు. లావు అక్షరం అంచున ఆ తప్పు కనబడదు, సన్నని అక్షరం మొత్తం ఆ తప్పే అయిపోతుంది. వానాకాలంలో కాగితం కట్టలను విప్పకుండా ముద్రణ గదిలోనే కొంతకాలం ఉంచి, గది వేడిమికి అలవాటు పడ్డాక విప్పి అచ్చుకు ఎక్కించడం ఇందుకే. శుభలేఖ విషయంలో ఇంకొక చిన్న ఇంటి సంగతి కూడా ఉంది. కార్డు నాలుగు మూలలా పసుపు రాస్తారు. ఆ పసుపు అరచేతుల్లోంచి, కవర్లోంచి కార్డంతా పాకుతుంది. మూలల దగ్గర బంగారు రంగు సన్నని అక్షరాలుంటే పసుపులో కలిసిపోతాయి. పేర్లను కార్డు నడుమకు తేవడం ఆచారానికీ అచ్చుకూ రెండింటికీ మంచిది.

ఫాంటు పుట్టుక ఇక్కడ మళ్ళీ అక్కరకొస్తుంది. తాళపత్రం చేతిలో పట్టుకుని, దీపం దగ్గర, మూరెడు దూరం నుంచి చదివేది. ఈ ఫాంటుకు తగిన దూరం కూడా అదే. చేతిలోకి తీసుకునేవి, చదివేవాడు తొందరలో లేనివి దీని చోట్లు: శుభలేఖలో వధూవరుల పేర్లు, సీమంతం, అక్షరాభ్యాసం పిలుపులు, కవితా సంపుటి అట్ట, అంకితం పుట, చీరల పెట్టె మూత, అరకు కాఫీ పొట్లం మీద ఒక చిన్న మాట, ఏటికొప్పాక లక్కబొమ్మ పెట్టెలో పెట్టే పరిచయ పత్రం. వీటిలో కూడా పేరో, ఒక చిన్న వాక్యమో మాత్రమే ఇందులో ఉండాలి. 24 పాయింట్లకు పైన, చుట్టూ ధారాళంగా ఖాళీ వదిలి పెట్టాలి. ముహూర్తం, కల్యాణమండపం చిరునామా, ఫోను నంబర్లు మామూలు పాఠ్య ఫాంటులో ఉండాలి. మండపం పేరు చదవలేక గాజువాక వెళ్ళవలసిన చుట్టం మధురవాడ వెళ్తే, ఆ అందం ఎవరికీ ఉపయోగపడదు. శుభలేఖ చదివేవారిలో చత్వారం వచ్చిన పెద్దలే ఎక్కువని గుర్తుంచుకోవడం వారికి ఇచ్చే గౌరవం కూడా.

దుకాణం బోర్డు దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం కావాలన్నది బోర్డులు రాసేవారి మోటు లెక్క. ద్వారకానగర్‌లో రోడ్డుకు అవతలి పక్క నుంచి, అంటే 50 అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం ఐదంగుళాలు ఉండాలి. అందులో యాభయ్యో వంతు గీత అంటే రెండున్నర మిల్లీమీటర్లు. అంత దూరంలో మామూలు చూపు విడదీసి గుర్తించగల ఎడం నాలుగు మిల్లీమీటర్ల పైమాటే. ధ అడుగున ఉండే గీత అక్కడ ఉన్నట్టా, లేనట్టా? బీచ్ రోడ్డులో ఇనుప అక్షరాలైతే ఉప్పుగాలికి సన్నని చోటే ముందు తుప్పుపడుతుంది. ఇళ్ళ ముందు గ్రానైటు పలక మీద ఇంటిపేరు చెక్కించేవారు ఈ ఫాంటు కోరితే, గీతను రెట్టింపు మందం చేయించుకోవడం మంచిది. సన్నని గాడిలో నింపిన రంగు కొన్ని వానలకే ఊడిపోతుంది. ఇక మందుల చీటీ, బస్సు బోర్డు, 'ఇక్కడ స్నానం ప్రమాదకరం' అని తీరంలో పాతే హెచ్చరిక, వీటి దరిదాపుల్లోకి ఈ ఫాంటు రాకూడదు. అక్కడ ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైనా ప్రాణం మీదికి వస్తుంది.

శుభలేఖలు ఇప్పుడు కాగితం కంటే వాట్సాప్‌లోనే ఎక్కువ తిరుగుతున్నాయి కనుక తెర సంగతీ చూడాలి. ఇదివరకటి లెక్కనే తీసుకుంటే, 16 పిక్సెళ్ళ సైజులో 20 భాగాల గీత మందం 0.32 పిక్సెల్. పిక్సెల్‌లో మూడో వంతును తెర చూపించలేదు. నల్ల గీతను బూడిదరంగు పిక్సెల్‌గా చూపించి సరిపెడుతుంది. డిజైనరు నల్ల రంగే ఎంచుకున్నా చదివేవారికి అందేది లేత బూడిద. ఫోన్ల తెరలు ఇంతకంటే చిక్కనివే అయినా, పంపేటప్పుడు వాట్సాప్ బొమ్మను కుదించడంతో ఆ లాభం కొంత పోతుంది. పేరు వెడల్పు తెర వెడల్పులో కనీసం సగం ఆక్రమించేలా కార్డును మొదటే ఫోను కొలతకు వేరుగా కూర్చుకోవాలి.

నగరంలోని డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్ల అలవాటు ఇంకా బలంగా ఉంది. ఆ పద్ధతిలో కూర్చిన తెలుగు పైకి తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లీషు సంకేతాలే ఉంటాయి. దాన్ని ఎత్తి వేరే చోట అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. కొత్త చేతిరాత ఫాంట్లు యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న పద్ధతిలో వస్తున్నాయి. అక్షరాన్ని అటూ ఇటూ మార్చే నియమాలన్నీ అందులోనే పనిచేస్తాయి. ఫొటోషాప్ వంటి వాటి పాత కూర్పుల్లో దక్షిణాసియా లిపుల అమరికను ముందుగా ఎంచుకోకపోతే ఒత్తులు కిందికి చేరక పొల్లుతో విడిపోయి 'లక్ష్మి' నాలుగు ముక్కలవుతుంది. అది ఫాంటు లోపం కాదు. ఉచితంగా దొరికిన ఫాంటు లైసెన్సును కూడా ఒకసారి చదవాలి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్నవాటిని వ్యాపారానికీ వాడవచ్చు, సొంత వాడుకకు మాత్రమే అని ఉన్నవాటిని కాఫీ పొట్లం మీద అచ్చువేయాలంటే రూపకర్తకు రుసుము చెల్లించాలి.

ఫాంటును ఎంచుకునేటప్పుడు దుకాణంలో చూపించే నమూనా మాటలతో సరిపెట్టుకోకూడదు. వాటిలో కష్టమైన అక్షరాలు సాధారణంగా ఉండవు. శ్రీ, లక్ష్మి, పద్మ, వర్ధని, ఫణీంద్ర, గీత, అమ్మమ్మ, కృష్ణ, స్వాతంత్ర్యం అనే మాటలను అసలు సైజులో, అసలు కాగితం మీద ఒక ప్రూఫు తీయించి, సాయంకాలం ట్యూబులైటు వెలుగులో ఇంట్లోని పెద్దావిడ చేతికి ఇవ్వాలి. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని, మూరెడు దూరంలో పట్టుకుని, ఏ పేరు దగ్గర ఆగకుండా చదివితే ఆ ఫాంటును ప్లేటుకు పంపవచ్చు. వర్ధని దగ్గర ఆగితే గీత మందం పెంచాలి, పద్మ దగ్గర ఆగితే ఫాంటునే మార్చాలి.